మూడో అంతస్తులో జాబితా

మా ఆసుపత్రి మూడో అంతస్తులో, కాఫీ మిషను పక్కన
ఒక జాబితా వేలాడుతుంటుంది.
తమ చేత్తో ఆ పని చెయ్యబోమని
రాసిచ్చిన డాక్టర్ల పేర్లు.
ఎనిమిది మంది ఉన్నారు. ఎనిమిది పేర్లు.
తొమ్మిదో ఆయన జనవరిలో రిటైరై
సముద్రం దగ్గర తేనెటీగల్ని పెంచుకుంటున్నాడు.

నేను ఎర్సీలియాని. ఇరవై ఆరేళ్లుగా
ఈ లూకానియా కొండల్లో నర్సుని.
దాచడమెందుకు,
నా పేరూ కొన్నేళ్లు ఆ కాగితం మీదే ఉండేది.

మంగళవారం నీవెస్ వచ్చింది.
ద్రాక్షతోటలో కూలి. గోళ్ల సందుల్లో మైలుతుత్తం నీలం.
పదో వారం దాటి మూడు రోజులు.
ఎవరు చేస్తారని అడగలేదు.
"ఎన్ని బస్సులు మారాలి?" అంది.

రెండు. రెండోది శని ఆదివారాలు ఉండదు.
చట్టం ఆమెకి ఔనంది,
ఆ చట్టమే డాక్టరుకి కాదనే వీలిచ్చింది.
ఆ ఔనుకీ ఈ కాదుకీ మధ్య
నూటపన్నెండు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు.
దాని సంగతి ఎవరూ రాయలేదు.

డాక్టర్ లసాలా దుర్మార్గుడైతే నాకు సులువయ్యేది.
కాదు.
చచ్చిపుట్టిన బిడ్డని తువ్వాల్లో చుట్టి
తల్లికి తెలివొచ్చేదాకా, తెల్లవార్లూ
ఒళ్లో పెట్టుకు కూర్చున్న మనిషి.
నమ్మకం ఆయనకి చొక్కా కాదు, చర్మం.
విప్పమని అడిగే నోరు నాకు లేదు.

కానీ మనస్సాక్షి అంటారే,
సాక్షి అంటే చూసినవాడు కదా డాక్టరుగారూ?
మీరా పిల్లని చూడనే లేదు.
గది బయటే సంతకం పెట్టి వెళ్లిపోయారు.
చూడకుండా చెప్పింది ఏ కోర్టులో నిలుస్తుంది?

ఇదంతా లోపల అనుకున్నది.
పైకి అన్నది మాత్రం
"ఒక్కసారి వచ్చి కూర్చోండి. మరేం వద్దు."

వచ్చారు. స్టూలు లాక్కున్నారు.
ఆమె చేతులకేసి చాలాసేపు చూశారు.
"మైలుతుత్తమా? మా నాన్న చేతులూ ఇంతే.
చచ్చేదాకా పోలేదు."
ఆమె నవ్వలేదు.
"నాకు టైము లేదు డాక్టర్."

ఆయన ఫోనందుకున్నారు.
పెద్దాసుపత్రి లైనులో నలభై నిమిషాలు
అదే పియానో ముక్క, మళ్లీ మళ్లీ.
ఎవరో ఎత్తాక గొంతు సవరించుకుని
గురువారం పొద్దుటికి ఆమె పేరు
అక్షరం అక్షరం విడదీసి చెప్పారు.
పెట్టేసి, నావైపు తిరిగి
"ఇది కూడా చెయ్యడమేనా, ఎర్సీలియా?"

తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
చేతులు కడుక్కోడానికి వెళ్లారు.
నీళ్ల చప్పుడు చాలాసేపు వినపడింది.

గురువారం నీవెస్‌ని మా చెల్లెలి కొడుకు
పాలవ్యానులో దించొచ్చాడు.
మలుపుల దగ్గర డబ్బాలు మోగుతుంటే
ఆమె కాళ్లతో అదిమి పట్టుకుందట.

నిన్న కాఫీ కోసం ఆగి చూశాను.
లసాలా పేరు అలాగే ఉంది, ఇంకుతో.
దాని కింద చీమల్లాంటి అంకెల్లో
పెద్దాసుపత్రి నంబరు. పెన్సిలుతో.

సెలైన్ సూది కదలకుండా అంటించే
పారదర్శకమైన టేపు నా జేబులో ఎప్పుడూ ఉంటుంది.
ఒక ముక్క కత్తిరించి
ఆ అంకెల మీద అంటించాను.