చెరువుల్లోడు

ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పటికీ తేలలేదు.
రొయ్య తేలినంత తేలిగ్గా
మాట తేలదండీ.

కాళ్ళ రోడ్డులో మా నీళ్ళ ల్యాబు.
రాత్రి మూడింటికి చెరువులో గాలి తగ్గితే
ఫోను మోగించి మనిషిని లేపే సాఫ్ట్‌వేరు.
రాసింది ఏసుబాబు. అతను చెప్పేదిదీ:
ఆకివీడు హాలు గోడ మీద ఎవరో బుల్లోడి సినిమా,
ముసురుకి పోస్టరు సగం ఊడి
హీరో మీసమూ, కింద 'ల్లోడు' మిగిలాయట.
టీ తాగుతూ
దాని ముందు చెరువు అతికించాడట.

"బుల్లి, వాడు. అక్కడ విరగాలి మాట"
అన్నారు తెలుగు మాస్టారు చయనులు గారు.
"ల్లోడు ప్రత్యయం కాదమ్మా.
అరటిగెలని హస్తాల మధ్య కొయ్యక
పండు నడిమికి నరికారు మీరు."
నరికిన ముక్కే నాటుకుంది.
మేత లెక్కలకి మేతల్లోడు వచ్చాడు,
ఐసు ఫ్యాక్టరీకి ఐసుల్లోడు,
భీమవరంలో వంటలవాళ్ళయితే
కూరల్లోడు అని బోర్డే కట్టేశారు.

నరసరాజు గారు ఒప్పుకోరు.
"సినిమా ఏంటండీ!
మా కాపలా ముత్యాలుని ఇరవయ్యేళ్ళుగా
నేను పిలిచే పిలుపు కాదా అది?"
గట్టు మీద బీడీ ఆర్పి ముత్యాలు
"నన్ను ఒరే అనేవోరండి. అంతే."

టార్చి వేసి
రొయ్య మీసాలు నీటి పైకొచ్చాయేమో చూసింది అతనే.
ఇప్పుడు ఫోను మోగేదీ అతని లుంగీ మడతలోనే.

నన్నెవరూ అడగలేదు.
మొదటి పెట్టెకి చీటీ అంటించింది నేను.
మూడు చెరువులకి ఒకటే పెట్టె కాబట్టి
'చెరువుల్లో డీఓ' అని రాశాను, స్కెచ్ పెన్నుతో.
తడి చేతులు. అక్షరాలు పాకాయి.
ఓ ఎటు కొట్టుకుపోయిందో,
గుడి చెరిగిన చోట కొమ్ము ఎవరు దిద్దారో.
నేను చూశాను. చూశాననే అనుకుంటున్నాను.
పెట్టె నిరుడు కాలవలో పడిపోయింది.

నిన్న రాత్రి మబ్బేసింది. డీఓ మూడుకి దిగింది.
ఫోనులో వినపడే గొంతు నాదే,
ఎప్పుడో రికార్డు చేసింది:
"చెరువుల్లోడిని మాట్లాడుతున్నానండీ."
నిద్రమత్తులో ముత్యాలు రోజూ
దానికి జవాబు చెబుతాడట:
"నేనూ ఆడ్నేనండి. వస్తన్నా."