సోడియం నూట ఇరవై ఎనిమిది

రాత్రి రెండుంపావు.
పెద్దాసుపత్రి కింది అంతస్తు ల్యాబులో
నేనూ, గిరగిరా తిరిగే సెంట్రిఫ్యూజూ మేలుకుని ఉన్నాం.
కిటికీలోంచి హార్బరు గాలి,
ఎండుచేపల వాసన, ఒక ఓడ కూత.

గొట్టం మీద పేరు: అర్జిల్లి దానయ్య, నలభై ఆరు.
తెచ్చిన వార్డుబాయ్ చెప్పాడు:
మొన్న జెట్టీ మీద చేపముల్లు గుచ్చుకుందట,
ముల్లే కదాని పసుపు అద్ది వల సర్దుకున్నాడట.
పిక్క మీద కాస్త ఎరుపు, కాస్త వాపు,
అంతే.
మనిషి మాత్రం మంచం కమ్మీ పళ్ళతో కొరుకుతున్నాడు.
"ఇంతోటి దానికి ఇంత యాగీ ఏటి?"
పక్క మంచం విసుగు.

నాకు కాలు కనపడదు.
ఊదా మూత, ఎర్ర మూత, బూడిదరంగు మూత,
నా దగ్గరికొచ్చే దానయ్య ఇంతే.

తెల్లకణాలు ఇరవై ఆరు వేలు.
సీఆర్‌పీ రెండొందలు దాటింది.
మిషను తప్పేమోనని మళ్ళీ పెట్టాను,
మళ్ళీ అదే మాట.
చక్కెరుందని ఆయనకే తెలీదేమో.
క్రియాటినిన్ రెండు.
సోడియం నూట ఇరవై ఎనిమిది.

ముప్ఫై ఏళ్ళు సముద్రంలో నానినవాడి
నెత్తుట్లో ఉప్పు తరిగిపోతోంది.

రిపోర్టులు పొద్దున్న ఏడింటికి ట్రేలో వెళ్ళాలి.
ఒకసారి ఒక కాయితం
ఆ ట్రేలోనే తెల్లారేదాకా పడుకుంది.
గాజువాక కుర్రాడు, వెల్డరు.
పేరు చెప్పను. గుర్తుంది.

ఇంటర్‌కమ్ పలకలేదు.
మూడంతస్తులు, మోకాళ్ళ నొప్పితో,
ఇంకు ఆరని కాయితం పట్టుకుని ఎక్కాను.

డాక్టర్ హైమావతి అరచేతిలో పెన్నుతో కూడింది:
నాలుగు, రెండు, రెండు, రెండు, ఒకటి.
"పదకొండు.
ఆ నొప్పి చూస్తే, లెక్క తక్కువొచ్చినా కోసి చూసేదాన్నే.
ఇప్పుడిక ఎవరూ నన్ను పొద్దుటిదాకా ఆగమనలేరు.
థియేటర్ తెరవమను."

చర్మం కింద, పైకి ఏమీ చెప్పకుండా,
చెద తిన్న తలుపులా ఉంటుందట లోపల.
నేనెప్పుడూ చూళ్ళేదు.

వరండాలో ఆయన భార్య,
కొంగులో చుట్టిన చెప్పులు ఆయనవే.
"కాయితం బాగుందేటమ్మా?"

"బాగోలేదు," అన్నాను.
"వేళకొచ్చింది."
రెంటిలో ఆమెకి ఏది వినపడిందో.

కిందికొచ్చేసరికి సెంట్రిఫ్యూజ్ ఆగిపోయుంది.
మూత తీశాను.
ఇంకో పేరు.