తవుడు తూకం

పొద్దున్న ఐదున్నరకి ఫ్యాను ఆపుతాను.
కిటికీ మూస్తాను.
పర్లాకిమిడి మే నెల
మాతోపాటు మంచం పక్కన కూర్చుంటుంది.

ముందు చేతులు.
ముప్పై ఏళ్లు గేదెకొమ్ము అరగదీసిన చేతులివి.
గోళ్ల సందుల్లో ఇంకా ఆ పొడి,
కాలిన వెంట్రుక వాసన.
రొయ్య మీసాన్ని విరక్కుండా వంచడం వీటికి వచ్చు.
అయినా బరంపురం నర్సు మళ్లీ మొదటినుంచి నేర్పింది:
మోచేతిదాకా సబ్బు, వేళ్ల మధ్య సబ్బు,
తర్వాత దేన్నీ ముట్టుకోకు,
నీ ముక్కునైనా, ఆమె నుదుటినైనా.

రాత్రంతా నీ కడుపులో నిలిచిన నీళ్లు
గొట్టం దిగి కింది సంచిలోకి వస్తాయి.
ఇరవై నిమిషాలు.
ఇద్దరికీ మూతిగుడ్డలు,
కళ్లు మాత్రమే మిగిలిన మొగుడూ పెళ్లాం.
మేం పోట్లాడుకునేది ఇప్పుడే.
పాతపట్నం నుంచి మీ తమ్ముడు తెచ్చిన ఎండుచేపల గురించి,
నాకు తెలీకుండా నువ్వు తాగిన అరగ్లాసు మజ్జిగ గురించి.
గుడ్డ వెనక తిట్లు మెత్తబడతాయి.

నిండిన సంచిని వెలుతురుకి ఎత్తి
వెనక అచ్చుకాగితం పెట్టి చదవాలి.
అక్షరం కనబడితే మంచిది.
మసకైతే బరంపురం బస్సు.
నేను చదివింది ఒడియా బడి.
తెలుగు నువ్వు నేర్పావు, పెళ్లయిన ఏడు,
చేటలో బియ్యం పరిచి, నా వేలు పట్టుకుని.
అందుకని తెలుగు పేపరే పెడతాను.
ఎరువుల ధర, ఎవరిదో పెద్దకర్మ, వాన కబురు,
లేత పసుపు నీళ్లలోంచి
కూడబలుక్కుని చదువుతాను.
"సదివినావా?"
"సదివేను."
"ఏటుంది?"
"వానొస్తాదట."
ఫోన్లో నర్సు అడుగుతుంది, "పాణి సఫా అఛి తొ?"
"అఛి" అంటాను.
పదో తరగతిదాకా చదివిన ఒడియా అంతా
ఆ ఒక్క మాటలో ఖర్చయిపోతుంది.

పోయిన వానల్లో ఒకనాడు
పేపర్లో ఏమీ లేదు.
కళ్లజోడు తుడుచుకున్నాను.
మళ్లీ తుడుచుకున్నాను.
"అద్దాలు కాదులే" అన్నావు నువ్వు.
పదకొండు రోజులు ఆస్పత్రి.
ఆ ముందురోజు, గొట్టం మూత తీసి,
చెవి దగ్గర దోమని తోలాను, అదే చేత్తో.
ఆ దోమ సంగతి
నీకింకా చెప్పలేదు.

తర్వాత తూకం.
నీ ముందు పుట్టినవాళ్లు ముగ్గురూ పోతే
మీ అమ్మ నిన్ను పొరుగావిడ ఒళ్లో పడేసి
చేటెడు తవుడుకి తిరిగి కొనుక్కుందట.
పైవాడు చూసి, దీని ఖరీదు ఇంతేనా అని
వదిలేసి పోయాడట.
తవిటమ్మా,
బళ్లో నవ్వుతారని మేష్టారు పేరు మార్చబోతే
నువ్వు పలక విసిరి ఇంటికొచ్చేశావట కదా.
ఇప్పుడు రోజూ మిషను ఎక్కుతావు,
గోడకి చెయ్యి ఆనించి, నేను "గోడొదులు" అనేదాకా.
నలభై ఆరు మీద మూడొందలు.
నిన్నటికన్నా రెండొందలు ఎక్కువ.
పెరిగితే నీరు.
తగ్గితే నువ్వు.
ఏ అంకెకి సంతోషించాలో
మా ఇద్దరికీ ఇంకా రాలేదు.
పుస్తకంలో రాస్తాను:
పోసింది రెండు వేలు. వచ్చింది రెండు వేల మూడొందలు.
నీలోంచి మిగిలిన ఆ మూడొందలూ
పెరటి మరుగుదొడ్లో ఒంపి, సంచి కడిగి, చుట్టి,
తిరిగొచ్చి ఫ్యాను వేస్తాను.

అప్పుడు ముట్టుకోవచ్చు.

పదకొండున్నర సంచిని
పైకవరు తియ్యకుండా ఎండలో పెడతాం వెచ్చబడ్డానికి,
అరుగు మీద, గుమ్మడి వడియాల పక్కన.
కాకులకి కాపలా నువ్వే,
నేను చెక్కిన కొంగకి మెడ విరిగితే
దాన్నే కర్రలా ఊపుతూ.
వీధిలో పోయేవాళ్లు ఆగి అడుగుతారు,
ఎలాగున్నాది, కాస్త తేరుకున్నాదా అని.

"ఏటి తేరుకోడం, అలాగే ఉంది" అంటాను గట్టిగా,
పైకి కూడా వినబడేలా.
ధర పెంచకూడదు.