రెండు రూపాయల దూరం

తెల్లారుజాము మూడున్నరకి
గుంటూరు బస్టాండు ముందు
చేతిలో టికెట్ల మిషను లేకుండా నిలబడ్డం
నాకిదే మొదలు.

ఇరవై తొమ్మిదేళ్లు ఈ రోడ్డు మీదే తిరిగాను.
పెదకాకాని, నంబూరు, కాజ, చినకాకాని, మంగళగిరి.
ఏ స్టేజీకి ఎంతో నిద్రలో లేపినా చెప్తాను.
ఎంత దూరమో మాత్రం
నా కాళ్లనెవరూ అడగలేదు.

మొక్కు నాది కాదు, శౌరమ్మది.
ఆమె ఆర్‌సీఎం, నేను లూథరన్.
పెళ్లయిన కాణ్ణించీ ప్రతి ఫిబ్రవరిలో
గుణదల కొండకి నడిచే పోయేది.
"పాసుంది గదే, బస్సెక్కి పో" అనేవాణ్ణి.
"బస్సెక్కితే చేరతాం, అంతేగా" అనేది.
ఆ అంతేగాకి అవతల ఏముందో
నేనెప్పుడూ అడగలేదు.
ఈ ఏడు మోకాలు మొరాయించింది.
"నా బదులు నువ్వు నడువు,
నీ బదులు నేను బస్సెక్కుతా" అంది.
నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

పెదకాకాని దాటేసరికే
మూడు సీసాల నీళ్లు, రెండు జతల బట్టలు,
గొడుగు, పెద్దక్షరాల బైబిలు
భుజాన్ని కోసేస్తున్నాయి.
పక్కన ఇన్నాసి అని ఓ కుర్రాడు, రంగులేసే పని,
గోళ్లలో ఇంకా నీలం.
చేతిలో కొవ్వొత్తి, జేబులో సెల్లు. అంతే.
"నీళ్లో?"
"ఇస్తారు బాబాయ్."
ఎవరిస్తార్రా అంటే
వాడికా ప్రశ్న అర్థం కాలేదు.

నంబూరు అడ్డరోడ్డులో
పంక్చర్ల షాపు సాయిబు
డ్రమ్ము పెట్టుకుని కూచున్నాడు.
గ్లాసు కడిగి మరీ ఇచ్చాడు.
తాగి, నాలుగడుగులేసి,
నా సీసాలు రెండు
డివైడరు మీది గన్నేరు మొక్కల్లో ఒంపేశాను.
బరువు తగ్గిందో
సిగ్గు తగ్గిందో.

యూనివర్సిటీ ముందు పొద్దెక్కింది.
మడమ మీద బొబ్బ.
తర్వాత, కాజ.

కాజలోనే.
ఏ సంవత్సరమో గుర్తులేదు, వడగాడ్పులు.
ముసలాయన, చేతిలో ఎక్స్‌రే కవరు,
బెజవాడ పెద్దాసుపత్రికి పోవాలన్నాడు.
రెండు రూపాయలు తక్కువ.
"బస్సేమన్నా మా తాతదా?" అన్నాను.
ఉన్న డబ్బులకి కాజ దాకా కొట్టి
కాజ రాగానే విజిలేశాను.
గొడవ పెట్టుకోలేదు.
ఎక్స్‌రే కవరు నెత్తిన పెట్టుకున్నాడు, ఎండకి.
ఆ రోజు డిపోలో
నా లెక్క పైసా తేడా రాలేదు.
ఆ ఆదివారం గుడిలో
రెండో మైలు గురించి ప్రసంగం కూడా విన్నాననుకుంటా.
బాగుందనే అన్నాను అయ్యగారితో.

కాజ నుంచి అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను,
రెండు రూపాయలంటే ఎన్నో చూద్దామని.
నాలుగు వేలు. తొమ్మిది వేలు.
మంగళగిరిలో హారన్ కొట్టుకుంటూ
మా డిపో బస్సే దాటింది.
కిటికీలోంచి శౌరమ్మ చెయ్యి ఊపుతోంది.
"చేతులు బయట పెట్టకండి!" అని అరిచాను.
ఇన్నాసి పడీ పడీ నవ్వాడు.
నవ్వులో లెక్క పోయింది.
మళ్లీ ఒకటి నుంచి.

వారధి మీద గాలి.
కింద కృష్ణ, సగం ఇసకే.
వాడి నడకకి నేను అందుకోలేకపోతున్నాను.
"నువ్వు పోరా" అన్నాను.
పోలేదు.
చెప్పు ఊడినట్టు నటించి
రెండుసార్లు ఆగాడు.

గుణదల కొండ కింద మెట్ల పక్కన
శౌరమ్మ తువ్వాలు పరుచుకుని కూచుంది.
నా కాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.
వద్దన్నాను, జనం చూస్తున్నారని.
"కాజలో ఒకాయన్ని దించేశాను ఒకసారి" అన్నాను.
"తెలుసు. నిద్రలో విజిలేస్తావుగా."

ఆయన ఆసుపత్రికి చేరాడో లేదో,
ఎక్స్‌రేలో ఏముందో,
ఈ రోజుకీ తెలీదు.
ప్రార్థన చేద్దామంటే
పేరన్నా అడగలేదు.
టికెట్ మీద పేరుండదు గదా.

పైన మైకులో జపమాల మొదలైంది.
నాకా మాటలు రావు.
శౌరమ్మ మిగిలిన నీళ్లు మడమ మీద పోసింది.
"మండుతోందా?"
"పొయ్యి."