నాలుగు బటన్లు

కొకురా స్టేషను వెనక, రైలు వంతెన కింద
పన్నెండు యంత్రాల గేమ్ హాలు మాది.
రైలు వెళ్తే తెరమీది యోధులు
దెబ్బ తగలకుండానే వణుకుతారు.

రెండో భాగమే ఆట అనేవాణ్ణి.
ఆరు బటన్లు. గుద్దుకి బరువుండేది.
పడ్డవాడు చెడ్డవాడు కాదు గానీ
పడ్డట్టే ఉండేవాడు,
లేవాలంటే మూడు లెక్కపెట్టాలి.
మూడో భాగంలో వీపు నేలకి తగలకముందే
బంతుల్లా లేస్తారు. నాలుగే బటన్లు.
పులుసులో నీళ్లు పోశారని నవ్వి
కొత్త యంత్రాన్ని మరుగుదొడ్డి పక్కకి నెట్టించాను.

కునిహిరో ఉక్కు కార్ఖానాలో పనివాడు.
రెండో భాగంలో అతన్ని ఓడించినవాళ్లని
ఒక చేతి వేళ్లమీద లెక్కించొచ్చు
అనేవాళ్లం.
ఇప్పుడనం.
ప్రెస్ కింద కుడిచేతివి రెండు పోయాయి.

ఏడు నెలల తర్వాత వచ్చాడు.
పాత యంత్రం ముందు కూర్చుని
నాణెం వెయ్యకుండానే లేచాడు.
మరుగుదొడ్డికి వెళ్తున్నాడనుకున్నా.

మా దగ్గర యంత్రానికి యంత్రం వీపు ఆనించి ఉంటుంది.
అవతలివాడి మొహం కనపడదు,
కింద బూట్లు మాత్రం.
ఆవేళ అవి తెల్లవి, ఎవరో స్కూలు కుర్రాడివి.
మొదటి ఆట కునిహిరో ఓడాడు. రెండోదీ.
మూడోదాంట్లో తెల్లబూట్లు
ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి.

పైన రైలు పోయింది.
నేను తడిగుడ్డ తెచ్చి
మూడో భాగం తెర తుడిచాను, మొదటిసారి.

రెండోదే గొప్పదని ఇప్పటికీ అంటాను,
కాస్త గొంతు తగ్గించి,
అతను లేనప్పుడు.