గట్టి ఫోను

మొదటి ఫోను బంగారుపాళెం కాడ
తొమ్మిదొందల అడుగుల బోరులో పడింది.
మోటారు పైకి లాగతా వొంగితే
చొక్కా జేబులోనించి జారి
పడతా పడతానే మోగింది.
ఎవురో పిలస్తానే వుండారు.
పైపు గొంతులో ఆ మోత సన్నంగయి
ఇంకా సన్నంగయి...
ఎండిన బోరు, నీళ్ళ చప్పుడు కూడా రాలే.
తోట రైతు తొంగి చూసినాడు.
“నా నాలుగు లచ్చలు కూడా ఆడే వుండాయిలే అప్పా,
తోడుంటాది.”

రెండోది గ్రైండరు పొడికి పోయింది.
స్పీకరులో అయస్కాంతం వుంటాదంట, నాకేం తెలుసు.
ఇనప పొడంతా చీమల బారు మాదిరి పోయి
దాన్ని కరుచుకునింది.
నెల రోజులు అందురూ గొంతు పట్టినట్టే మాట్లాడినారు.
అప్పిచ్చిన చెంగమనాయుడు కూడా
ఎంత మెత్తంగా అడిగినాడో.

మూడోది వేలూరు రోడ్డులో, ఏప్రిలు ఎండ,
బండి ట్యాంకు కవర్లో వుబ్బి
వీపు తెరుచుకునింది.

అందుకని ఈపొద్దు హైరోడ్డులో, ఏసీ అంగట్లో.
చేతులు కిరసనాయిల్తో కడుక్కోనే వచ్చినా
వార్నీషు వాసన నాకన్నా ముందు లోపలికి పోయింది.
అద్దాల బల్ల అవతల ఒక పాప.
ఇందుజ. పేరు చొక్కా మీదే వుండాది.
“కెమెరా ఎంత కావాలంకుల్?”
“కాలిపోయిన వైండింగు ఫోటో తీసి
తిరప్తి అంగడికి పంపితే
తీగ గేజి వాళ్ళకి తెలియాల.
నా మొగం ఎట్లొచ్చినా పర్లేదు పాపా.”

మళ్ళా అడిగినా:
లారీ మీదనించి పడితే ఏమవతాది?
గ్రీసు చేత్తో నొక్కితే మాట వింటాదా?
మిట్టమద్దేనం మామిడితోపు గట్టు మీద
తెరలో నంబరు కనపడతాదా
నా మొగమే నాకు కనపడతాదా?
బ్యాటరీ పోతే మెడ్రాసుకు పంపాల్నా
గిరింపేట నదీము మారస్తాడా?

ఆ పాప నవ్వలే.
బల్ల కింద అడుగునించి ఒక డబ్బా తీసి
మూత మీద దుమ్ము తుడిచింది.
“దీన్ని ఎవురూ అడగరు.”

నల్లంగా, మందంగా, నాలుగు మూలలా రబ్బరు,
ఎద్దు గిట్టకి లాడం కొట్టినట్టు.
ఇరవై రెండో నంబరు పానా అంత బరువు.
పదకొండు వేల రెండొందలు,
నాలుగు మోటార్ల కూలి.
పక్కనే అదే ధరలో ఇంకోటి,
నెమలిమెడ రంగు, అద్దం వీపు.
దాన్నే చూడబుద్దయింది, అబద్దమెందుకు.
మా ఇంటామె వనజాక్షి తెమ్మనింది కూడా
అట్లాంటిదే.

నల్లదాని మీద చెయ్యి పెట్టినా.

“వేలు పెట్టండంకుల్, తాళం వేద్దాము.”
పెట్టినా. తుడిచి పెట్టినా.
చూపుడు వేలు, బొటనవేలు, ఎడమ చెయ్యి.
దానికి నేను ఆనలే.
రేషను మిషనూ ఇదే అంటాది నెలనెలా.
ముప్పై ఏండ్లు రాగితీగని
ఈ వేళ్ళ మధ్యనించే లాగి చుట్టినా.
గీతలన్నీ దాంతోనే పోయినట్టుండాయి.
గుడిపాల్లో, యాదమర్రిలో, తవణంపల్లి చెరుకు తోటల్లో
భూమి కింద ఎక్కడో
నా వేలిముద్రలు నీళ్ళు తోడతా వుండాయి.

“చిటికెనవేలు పెట్టండి, పక్కవాటున.
మా నాయన అట్లే పెడతాడు.”
“ఏం పని మీ నాయన?”
“గ్రానైటు పాలిషు.”
చిటికెనవేలు పక్క,
ఏ పనీ అడగని ఆ రవ్వంత తోలు.
టిక్కుమనింది.

మూడో ఫోను సిమ్ము దీన్లో వేయించి, బయటికొచ్చి
మెట్టు మీద నిలబడి
మోకాలెత్తునించి వదిలినా, కావాలనే.
వాకిట్లో కావలి కూర్చున్నాయన ఉలిక్కిపడి లేచినాడు.
కింద బండ మీద పడుకోనే మోగింది అది.

వనజాక్షి.
“ఏం రంగు తెచ్చినావు?”

ఎంత గట్టిగా వినిపించిందంటే
లోపలనించి ఇందుజ కూడా తలెత్తి చూసింది.