చెవి పక్కన జిగురు

నలభై రెండేళ్లు రంగులేసినవాణ్ణి.
మూలాపేట నుంచి ముత్తుకూరు దాకా
ఎన్ని మొహాలు నా బొటనవేలికి తెలుసో!
మునసబు గారి దవడ, టైలర్ పెంచలయ్య నుదురు,
అర్దళం, సఫేదా, నీలం కలిపి
తెల్లారేదాకా దేవుళ్లను నిలబెట్టినవాణ్ణి.

నాటకాలు తగ్గి డబ్బా అటకెక్కినాక
కృష్ణపట్నం రేవులో షూటింగంట, చెయ్యి తక్కువైందంట,
రోజుకి ఎనిమిది వందలంటే పోయినా.

కంటైనర్ల నీడలో మడత కుర్చీ.
దాంట్లో ఆరున్నర అడుగుల మనిషి.
విలన్ వెనకాల నిలబడే ఆరుగురిలో నాలుగోవాడు.
మేనేజరొచ్చి చెవిలో చెప్పినాడు:
"ఖాసిం భాయ్, డైరెక్టర్ గారు ఇంకాస్త నలుపు కొట్టమన్నారు."

బ్రష్ పట్టుకొని అట్నే నిలబడిపోయినా.
ఎర్రగా బుర్రగా ఉండే శెట్టి గారబ్బాయికి
నీలం పూసి రాముడంటే జనం హారతి పట్టినారు.
ఈయన మొహాన నేనేం కలపాల, ఎందులో కలపాల?
ఆయన అద్దంలోంచి నన్ను చూసి
"వెయ్యండి, పర్లేదు" అన్నాడు
తెలుగులోనే.
గుంటూరులో ఫార్మసీ చదివేటప్పుడు నేర్చినాడంట.

పేరు బామిదెలె.
"నా వెంట ఇంటికి రా" అని అర్థమంట,
ఊరుగాని ఊళ్లో పుట్టిన బిడ్డకు పెట్టే పేరు.
వాళ్ల నాయన నాటకాల కంపెనీ లారీ
ఏదో సంత దారిలో టైరు పేలి ఆగితే
తెరగుడ్డల మూటల మీద పుట్టినాడంట.
ఏడేళ్లకు తాబేలు వేషం.
గొంతు మారేదాకా రాణి చెలికత్తె.
ఇరవైకి రాజు.
ఆ తర్వాత వీడియో క్యాసెట్లొచ్చినాయి.
ఆ మాటకాడ ఇద్దరం ఒకేసారి నవ్వినాం,
మా ఊళ్లో ఆ పని రికార్డింగ్ డాన్సు చేసింది మరి.
లారీ అమ్మినారు. కిరీటాలు ఎవురూ కొనలేదు.
వారానికొక సినిమా తీసేవాళ్ల కాడ
దొంగ, పాస్టరు, తాగుబోతు మొగుడు, దయ్యం,
ఏదిస్తే అది.
చదువని ఇటొస్తే
ఫీజు కట్టడానికి మళ్లా రంగే దిక్కయింది.

అన్నాలకు వదిలినప్పుడు
పొట్లం విప్పకుండా లేచి నిలబడినాడు.
ఉప్పు కయ్యల మీద ఎండ తెల్లగా కొడతా ఉంది.
కొడుకును పోగొట్టుకున్న రాజు మాటలంట, వాళ్ల భాషలో.
ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.
కానీ ఒకచోట ఊపిరి బిగబట్టి, గొంతు దించి,
ఆఖరి మాటను వదలకుండా పట్టి లాగినాడు చూడండి,
నా కుడికాలు తనంతట తాను తాళం వేసింది.
"వన్స్‌మోర్!" అని అరిచినా.
బిత్తరపోయినాడు.
మా కాడ పద్యం బాగుంటే అట్లా అంటామని చెప్తే
చెప్పులిడిచి, తల వంచి,
మళ్లా మొదట్నుంచీ.
క్రేను మీద పిల్లోడు బీడీ జారవిడుచుకున్నాడు.

మధ్యాహ్నం షాట్‌లో ఆయన మాట ఒకటే, "ఎస్ బాస్".
దానికి కూడా వేరెవురో గొంతిచ్చినారు.
హీరో కాలు గాల్లోకి లేవగానే
మూడు చుట్లు తిరిగి మురికినీళ్లలో పడాల.
తొమ్మిది టేకులు.
తుడవడం, మళ్లా నలుపు. తుడవడం, మళ్లా నలుపు.

నెల్లూరులో మొదటాటకు మనవణ్ణి తీసకపోయినా.
వాడు చిప్స్ పొట్లం చింపేలోపు ఆయన చచ్చిపోయినాడు.
చీకట్లో వన్స్‌మోర్ అన్నా.
ముందు వరసోళ్లు వెనక్కి తిరిగి నవ్వినారు.

పదకొండేళ్లు.
మొన్న మనవడి ఫోన్‌కి ఫోటో వచ్చింది.
వాళ్ల ఊరి స్టేజీ, మీద ఒక్క లైటు,
మోకాళ్ల మీద ముసలిరాజు.
కిరీటం అట్టదే, అంచులు బాగానే తీర్చినారు.
పెద్దది చెయ్యమన్నా. ఇంకా పెద్దది చెయ్యమన్నా.

"రాయరా" అన్నా,
"బ్రహ్మాండంగా ఉందయ్యా.
కానీ గడ్డం అతికించింది ఎవురు?
ఎడమ చెవి పక్కన జిగురు కనపడతా ఉంది.
చెమట పట్టే చోటు అది,
ముందు పటిక నీళ్లతో తుడవమను."